వెస్ట్ బ్యాంక్ చెక్‌పోస్టుల దగ్గర నిలబడి చూసేవాళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

చెక్‌పోస్టు అంటే సరిహద్దు చెక్‌పోస్టేనా?

కాదు. మనకు చెక్‌పోస్టు అనగానే రాష్ట్రం దాటేచోట లారీలను ఆపే గేటు గుర్తొస్తుంది. వెస్ట్ బ్యాంక్ 1967 నుంచి ఇజ్రాయెల్ సైన్యం ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం. అక్కడి చెక్‌పోస్టుల్లో ఎక్కువ భాగం ఒక పాలస్తీనా ఊరికీ మరో పాలస్తీనా ఊరికీ మధ్యనే ఉంటాయి. నాబ్లుస్ నుంచి రమల్లాకు చదువుకోవడానికి వెళ్లే అమ్మాయి ఇజ్రాయెల్‌లో అడుగే పెట్టదు. అయినా జాతారా కూడలిలో ఇజ్రాయెల్ సైనికులు చెయ్యెత్తితే బండి ఆగాల్సిందే.

బెత్లెహేము నుంచి రమల్లాకు జెరూసలేం మీదుగా దగ్గరి దారి ఉంది. ఇజ్రాయెల్ ఇచ్చే పర్మిట్ లేనివాళ్లకు అది లేనట్టే. వాళ్లు తూర్పుగా చుట్టూ తిరిగి, వాదీ నార్ లోయలోకి దిగి, మళ్లీ ఎక్కి, జనం 'కంటైనర్' అని పిలిచే చెక్‌పోస్టు దాటాలి. వెస్ట్ బ్యాంక్ దక్షిణ భాగాన్ని మిగతా భాగంతో కలిపే ప్రధాన రోడ్డు ఇదే. ఆ ఒక్కటీ మూస్తే హెబ్రోన్, బెత్లెహేము జిల్లాల జనం ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోతారు.

మొత్తం ఎన్ని ఉన్నాయి?

ఐక్యరాజ్యసమితి మానవతా వ్యవహారాల సమన్వయ కార్యాలయం లెక్క ప్రకారం 2025 తొలి నెలల్లో తూర్పు జెరూసలేంతో కలిపి వెస్ట్ బ్యాంక్‌లో 849 అడ్డంకులున్నాయి. 2023 తొలినాళ్లలో అదే కార్యాలయం లెక్క 645.

849 చెక్‌పోస్టులు అని రాస్తే మాత్రం తప్పు. అందులో 24 గంటలూ సైనికులుండే చెక్‌పోస్టులు 94, అప్పుడప్పుడూ మనుషులుండేవి 153, రోడ్డుకు అడ్డంగా పెట్టిన ఇనుప గేట్లు 205, మట్టి దిబ్బలు 180, కాంక్రీటు దిమ్మెల్లాంటి అడ్డుకట్టలు 116. మిగిలిన 101 రోడ్డు పొడవునా సాగే కందకాలు, కట్టలు, కంచెలు. మట్టి దిబ్బ దగ్గర సైనికుడుండడు, తుపాకీ ఉండదు, ఫొటో తీసినా ఏమీ కనిపించదు. కానీ ఊళ్లోంచి మెయిన్ రోడ్డెక్కే దారి అదే అయితే ముసలావిడను ఆసుపత్రికి తీసుకెళ్లే టాక్సీ అక్కడే వెనక్కి తిరగాలి.

ఇవి కాక 'ఎగిరే చెక్‌పోస్టు'లుంటాయి. జీపు రోడ్డుకు అడ్డంగా ఆపి, ముళ్ల పట్టీ పరిచి, గంటో రెండు గంటలో తనిఖీ చేసి వెళ్లిపోతారు. అరబ్బీలో హాజిజ్ తయ్యార్ అంటారు. ఇవి ఏ మ్యాపులోనూ ఉండవు.

ఇవి ఎందుకని సైన్యం చెబుతుంది?

భద్రత కోసమని. 2000 సెప్టెంబరులో మొదలైన రెండో ఇంతిఫాదా (పాలస్తీనా తిరుగుబాటు) కాలంలో ఇజ్రాయెల్ నగరాల్లో ఆత్మాహుతి దాడులు జరిగి ఎందరో పౌరులు చనిపోయారు. చెక్‌పోస్టుల దగ్గర సైనికుల మీద కత్తి దాడులు, కాల్పులు జరిగాయి. ఇవి జరిగిన మాట నిజం. కానీ ఈ పద్ధతి అప్పుడు పుట్టింది కాదు. అందరికీ వర్తించే ప్రయాణ అనుమతిని 1991లోనే తీసేశారు, 1993 మార్చిలో మొత్తంగా మూసివేత విధించారు. 2002లో వెస్ట్ బ్యాంక్‌ను ఇజ్రాయెల్ నుంచి వేరుచేసే గోడ నిర్మాణం మొదలైంది. దాని మార్గంలో సుమారు 85 శాతం 1949 నాటి కాల్పుల విరమణ రేఖ అయిన గ్రీన్ లైన్ మీద కాకుండా వెస్ట్ బ్యాంక్ లోపలే పడుతుంది. అలా లోపల కట్టడం చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2004 జులై 9న సలహా అభిప్రాయం ఇచ్చింది.

ఇజ్రాయెల్‌లోకి వచ్చేవాళ్లను తనిఖీ చేయడం వేరు, రెండు పాలస్తీనా ఊళ్ల మధ్య రోడ్డు మూయడం వేరు. భద్రత అనే ఒకే మాటను ఈ రెండింటికీ కప్పేస్తే అసలు ప్రశ్న కనబడకుండా పోతుంది.

అక్కడ నిలబడి చూసే వాలంటీర్లు ఎవరు?

ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది మఖ్సోమ్ వాచ్. మఖ్సోమ్ అంటే హీబ్రూలో అడ్డు, చెక్‌పోస్టు. 2001 జనవరిలో జెరూసలేంలో ముగ్గురు మహిళలు మొదలుపెట్టారు. సభ్యులందరూ ఇజ్రాయెలీ మహిళలే, చాలామంది నడివయసు దాటినవాళ్లు, రిటైరైనవాళ్లు. వాళ్ల బలమంతా భాషలో ఉంది. కాపలా ఉన్న ఇరవయ్యేళ్ల కుర్రాడితో వాళ్లమ్మ వయసావిడ హీబ్రూలో మాట్లాడుతుంది. మారుతున్న నియమాల గురించి అధికారిని అతని భాషలోనే నిలదీస్తుంది.

రెండోది ప్రపంచ చర్చిల మండలి 2002లో మొదలుపెట్టిన సహచర కార్యక్రమం. పలు దేశాల నుంచి వచ్చినవాళ్లు మూడేసి నెలలు పాలస్తీనా ఊళ్లలో ఉండి చెక్‌పోస్టుల దగ్గర, బడి దారుల్లో, పొలం గేట్ల దగ్గర నిలబడతారు. వీళ్లకు హీబ్రూ రాకపోవచ్చు. కానీ ఆ ఊళ్లోనే కాపురముంటారు కాబట్టి ఎవరు ఏ వేళకు బయల్దేరతారో తెలుస్తుంది.

హెబ్రోన్‌లో మాత్రం 1997 నుంచి ఒప్పందం ప్రకారమే ఒక అంతర్జాతీయ పరిశీలక బృందం ఉండేది. దాని గడువును 2019 జనవరిలో ఇజ్రాయెల్ పొడిగించలేదు. అప్పటినుంచి పాత నగరపు గల్లీల్లో ఆ అధికారిక పరిశీలన లేదు.

ఒక షిఫ్టులో చేసే పని ఏమిటి?

నిలబడటం, లెక్కపెట్టడం, రాసుకోవడం, ఫోన్ చేయడం. చెప్పడానికి నాలుగు మాటలే, చేసేటప్పుడు తప్పులు దొర్లేది ఇక్కడే.

ఇద్దరు ముగ్గురు కలిసే వెళ్తారు, ఒంటరిగా వెళ్లరు. కొత్తవాళ్లు మొదటి కొన్ని షిఫ్టులు అనుభవం ఉన్నవాళ్ల పక్కనే ఉంటారు. ఛాతీ మీద గుర్తు కనిపించేలా బ్యాడ్జీ గానీ జాకెట్ గానీ వేసుకుంటారు. మీరు ఎవరన్నది సైనికుడికీ, వరుసలో ఉన్నవాళ్లకీ దూరం నుంచే తెలియాలి. లేకపోతే ఇద్దరికీ అనుమానమే.

చేరగానే రాయాల్సినవి: తేదీ, చెక్‌పోస్టు పేరు, వచ్చిన టైము, కార్డులు చూసే కిటికీలు మొత్తం ఎన్ని, తెరిచినవి ఎన్ని, వరుస ఎక్కడిదాకా వచ్చింది. "చాలా పొడవుగా ఉంది" అని రాస్తే ఆ రిపోర్టు ఎందుకూ పనికిరాదు. "పైకప్పు దాటి టాక్సీ స్టాండ్ దాకా ఉంది" అని రాస్తే వచ్చే నెల వచ్చినవాళ్లు పోల్చి చూసుకోగలరు.

ఎవరినైనా వెనక్కి పంపితే సైనికుడు చెప్పిన కారణం అన్న మాట అన్నట్టే రాయాలి, మన వ్యాఖ్యానం దాని పక్కన వేరుగా ఉండాలి. ఎవరినైనా పక్కన కూర్చోబెడితే కూర్చోబెట్టిన టైము, వదిలిన టైము రాయాలి. ఫోన్ చేస్తే ఎన్నింటికి, ఏ ఆఫీసుకు, అవతలివాళ్లు ఏమన్నారో కూడా రాయాలి. రిపోర్టు ఆ రోజే పూర్తిచేయాలి. రెండు రోజులు ఆగితే మూడు షిఫ్టులు కలిసిపోతాయి, నిన్నటి కోపం మొన్నటి లెక్కలోకి వచ్చేస్తుంది.

వరుసలో పట్టే సమయాన్ని ఎలా కొలుస్తారు?

అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి ఒక మనిషిని గుర్తుపెట్టుకోవడం. వరుస చివర్లో చేరినవాళ్లలో ఎర్ర టోపీయో, నీలం టిఫిన్ సంచో ఉన్న ఒకరిని ఎంచుకుని టైము రాసుకోవాలి. అవతల బయటపడే చోట నిలబడ్డ రెండో వాలంటీరుకు ఫోన్‌లో ఆనవాలు చెప్పాలి. ఆ మనిషి బయటికి వచ్చిన టైము ఆ రెండో వాలంటీరు రాస్తుంది. అరగంటకోసారి ఇలా చేస్తే రద్దీ ఎప్పుడు పెరిగి ఎప్పుడు తగ్గిందో తెలుస్తుంది.

రెండో మనిషి లేకపోతే చేతిలో పట్టే కౌంటరుతో నిమిషానికి ఎంతమంది దాటుతున్నారో లెక్కపెట్టాలి. ఉదాహరణకు నిమిషానికి ఆరుగురు దాటుతూ, ముందు 300 మంది ఉంటే చివరివాడికి 50 నిమిషాలు. అయితే మధ్యలో ఒక కిటికీ మూసేసినా, గేటు పది నిమిషాలు తిరగకుండా ఆగినా ఈ లెక్క పనికిరాదు. అందుకే ఆగిన టైములు విడిగా రాయాలి.

సగటు తీసి ఊరుకోవద్దు. పది రోజులు ఇరవై నిమిషాల్లో అయిపోయి, పదకొండో రోజు రెండు గంటలు పట్టిందనుకోండి. సగటు ముప్పై నిమిషాలు కూడా రాదు. కానీ ఆ పదకొండో రోజు ఏదో ముందుగా తెలియదు కాబట్టి పనికి పోయే మేస్త్రీ ప్రతిరోజూ రెండు గంటల ముందే ఇల్లు వదులుతాడు. అతని నిద్రలోంచి పోయేది ఆ రెండు గంటలూ, రోజూ. రోడ్డు ఎంత దూరమో అందరికీ తెలుసు, ఎంతసేపు పడుతుందో ఎవరికీ తెలియదు. పెళ్లి ముహూర్తం, పరీక్ష, డయాలిసిస్ అపాయింట్‌మెంట్ అన్నీ ఆ తెలియనితనం చుట్టూనే సర్దుకోవాలి. వాలంటీర్ల రిపోర్టుల్లో అన్నిటికన్నా విలువైన సమాచారం ఇదే.

తెల్లవారుజామున '300' అనే చెక్‌పోస్టు దగ్గర ఎలా ఉండేది?

బెత్లెహేముకు ఉత్తరాన, జెరూసలేం వైపు గోడలో ఉన్న చెక్‌పోస్టు ఇది. కూలి పర్మిట్లు ఉన్న రోజుల్లో తెల్లవారుజామున మూడింటికే వరుస మొదలయ్యేది. గోడకు ఆనించి కట్టిన, ఇనుప చువ్వలతో బోనులాంటి ఇరుకైన నడవలో వందలమంది మగవాళ్లు ఒకరి వీపుకు ఒకరు ఆనుకుని నిలబడేవాళ్లు. ఆలస్యమైనవాళ్లు చువ్వలు పట్టుకుని ఎక్కి, తలల మీదుగా పాకి ముందుకు దూకేవాళ్లు. బయట చీకట్లో టీ, కాఫీ, నువ్వులద్దిన కాక్ రొట్టెలు అమ్మే బళ్లు. ఆ తర్వాత నిలువెత్తు తిరిగే గేటు, మెటల్ డిటెక్టరు, బెల్టు విప్పడం, సంచి స్కానరు, కార్డు, వేలిముద్ర.

ఇక్కడ తరచూ వచ్చే చిక్కొకటి. సిమెంటు పని చేసేవాళ్ల వేలి గీతలు అరిగిపోతాయి, యంత్రం గుర్తుపట్టదు. ఏళ్ల తరబడి అదే పని చేసి సంపాదించుకున్న చేతులే పనికి పోకుండా ఆపుతాయి.

2019లో ఇక్కడా, రమల్లా–జెరూసలేం మధ్య ఖలందియాలోనూ ముఖం గుర్తుపట్టే ఆటోమేటిక్ గేట్లు పెట్టారు. వరుస బాగా తగ్గింది. కూలీలకు అది నిజమైన ఊరట, కాదనడానికి లేదు. అయితే పర్మిట్ ఇవ్వాలా వద్దా అన్న అధికారం ఉన్నచోటే ఉంది. అడిగితే జవాబు చెప్పే మనిషి మాత్రం గేటు దగ్గర లేకుండా పోయాడు.

ఆడవాళ్లు, పిల్లలు, రోగులు కూడా అదే వరుసలోనా?

పెద్ద చెక్‌పోస్టుల్లో 'మానవతా గేటు' అని పక్కన ఒకటి ఉంటుంది, నిర్ణీత వేళల్లో తెరవాలి. తెరవడం మరిచిపోతారు, లేదా తాళం ఉన్న మనిషి రాడు. వాలంటీరు ఫోన్ నిజంగా పనిచేసే సందర్భాల్లో ఇదొకటి.

ఎవరినైనా ఆపేస్తే వాలంటీరు ఏం చేయగలరు?

ఆజ్ఞాపించే అధికారం ఏదీ లేదు. సైన్యపు జిల్లా సమన్వయ కార్యాలయానికీ, హాట్‌లైన్‌కూ ఫోన్ చేయగలరు, చెక్‌పోస్టు కమాండరును మర్యాదగా కారణం అడగగలరు, విషయం పెద్దదైతే పర్మిట్ కేసులు చూసే హమొకెద్ లాంటి సంస్థకు దారి చూపగలరు. పొద్దున్నే బడికి పోయే పిల్లను ఆపారంటే ఫోన్‌తో పరిష్కారం కావచ్చు. కంప్యూటరులో "భద్రతా నిషేధం" అని ఉందంటే అక్కడ నిలబడ్డవాళ్లెవరూ ఏమీ చేయలేరు.

ఆ నిషేధాన్ని అరబ్బీలో మమ్నూ అమ్నీ అంటారు. అది పడిందని చాలామందికి గేటు దగ్గరే మొదటిసారి తెలుస్తుంది, ఎందుకో చెప్పరు. మఖ్సోమ్ వాచ్‌లో ఒక బృందం ఏళ్లుగా చేస్తున్నది ఈ పేర్లు తీయించే అర్జీల పనే. పేరు, కార్డు నంబరు, పని ఇచ్చే యజమాని ఉత్తరం జతచేసి పంపాలి, కదలకపోతే కోర్టుకు వెళ్లాలి. ఎవరూ ఫొటో తీయని పని ఇది, కానీ ఒక కుటుంబానికి నెల జీతం తిరిగొచ్చేది దీంతోనే.

చేయకూడనివి: సైనికుడితో గొడవపడటం, వరుసలోకి దూరి ఎవరినో ముందుకు నెట్టడం, ఆగినవాళ్ల తరఫున వాళ్లను అడక్కుండానే మాట్లాడటం. మీరు సాయంత్రానికి ఇంటికెళ్లిపోతారు. ఆ మనిషి రేపు పొద్దున్నే అదే సైనికుడి ముందు నిలబడాలి.

ఫొటోలు తీయొచ్చా?

తనిఖీ జరిగే చోట సైన్యం ఒప్పుకోదు. బయట తీసినా అనుమతి లేకుండా ముఖాలు కనిపించకూడదు, కార్డు నంబర్లు ఎట్టి పరిస్థితుల్లోనూ కనిపించకూడదు. అయితే కెమెరాకున్న శక్తిని తక్కువ చేయలేం. 2004 నవంబరులో నాబ్లుస్ దగ్గరి బేత్ ఈబా చెక్‌పోస్టులో ఒక పాలస్తీనా యువకుడు సైనికుల ముందు వయొలిన్ వాయిస్తుండగా మఖ్సోమ్ వాచ్ మహిళ వీడియో తీసింది. ఇజ్రాయెల్ అంతటా అది కలకలం రేపింది. అలా వాయించమన్న ఆజ్ఞ ఉందా లేదా అని వారాల తరబడి వాదించుకున్నారు. అంతకుముందు వేల పేజీల రిపోర్టులు చదవనివాళ్లు ఆ కొద్ది క్షణాలు చూశారు.

పొలం గేటు అంటే ఏమిటి?

గోడ ఊరికీ పొలానికీ మధ్య పడినచోట పెట్టిన గేటు. ఇల్లు ఇటు, ఆలివ్ చెట్లు అటు. 2003 అక్టోబరులో గోడకూ గ్రీన్ లైన్‌కూ మధ్య ఉన్న నేలను సైన్యం మూసిన ప్రాంతంగా ప్రకటించింది. అప్పట్నుంచి సొంత పొలంలోకి పోవడానికి రైతుకు పర్మిట్ కావాలి.

గేట్లు మూడు రకాలు. రోజూ తెరిచేవి, వారంలో కొన్ని రోజులే తెరిచేవి, ఆలివ్ కోతల కాలంలో మాత్రమే తెరిచేవి. ఈ మూడో రకమే ఎక్కువ. రోజూ తెరిచే గేటు కూడా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కొద్ది నిమిషాల చొప్పున తెరుస్తారు. సైనిక జీపు ఆలస్యంగా వస్తే రైతు ఎండలో నిలబడాలి. రైతు ఆలస్యంగా వస్తే ఆ పూట పని పోయినట్టే. సాయంత్రం గేటు తప్పితే రాత్రికి ఇల్లు చేరడం ఎలా అన్నది ఇంకో సమస్య.

వ్యవసాయం తెలిసినవాళ్లకు దీని అర్థం ఇట్టే తెలుస్తుంది. ఆలివ్ కోతలు అక్టోబరు, నవంబరు నెలల్లో. కానీ చెట్టుకు దున్నకం, కొమ్మల కత్తిరింపు, కలుపు తీయడం ఏడాది పొడవునా ఉంటాయి. కోతలకు మాత్రమే తెరిచే గేటు అవతల చెట్టు ఉంటుంది, కాపు తగ్గిపోతుంది. వేసవిలో కలుపు ఎండి నిప్పంటుకుంటే ఆర్పడానికి పోయే దారి కూడా ఉండదు.

పర్మిట్ నియమాలు ఇంకా బిగుసుకుంటూ వచ్చాయి. 2017 నిబంధనల్లో 330 చదరపు మీటర్లకన్నా చిన్న కమతానికి వ్యవసాయ అవసరం లేదని చూపారు. మన లెక్కలో అది దాదాపు 395 గజాలు. తాత భూమి మనుమల మధ్య పంచుకున్న ప్రతిసారీ ఒక్కొక్కరి వాటా ఈ గీత కిందికి జారుతుంది. భూమి ఉంటుంది, దాని దగ్గరికి పోయే హక్కు మాయమవుతుంది.

పొలం గేటు దగ్గర వాలంటీరు రాయాల్సినవి వేరు: బోర్డు మీద ఉన్న వేళ, నిజంగా తెరిచిన వేళ, మూసిన వేళ, ఎంతమంది దాటారు, ట్రాక్టర్లు, గాడిదలు ఎన్ని, ఎవరిని ఎందుకు ఆపారు. బోర్డు మీది వేళకూ, అసలు వేళకూ మధ్య తేడా నెలరోజులు వరుసగా చూపిస్తే అధికారి "ఏదో ఒక రోజు జరిగింది" అని తోసేయలేడు.

అంబులెన్సులను కూడా ఆపుతారా?

ఆపుతారు. వెస్ట్ బ్యాంక్ అంబులెన్సు మామూలుగా జెరూసలేంలోకి పోలేదు. రోగిని చెక్‌పోస్టు దగ్గర దించి, అవతల ఆగి ఉన్న జెరూసలేం నంబరు ప్లేటు అంబులెన్సులోకి స్ట్రెచరుతో మార్చాలి. క్యాన్సరు వైద్యం, పెద్ద ఆపరేషన్లు చేసే ముఖ్య పాలస్తీనా ఆసుపత్రులు తూర్పు జెరూసలేంలో ఉండటంతో ఈ మార్పిడి తప్పదు. ఆక్సిజన్ గొట్టం, సెలైన్ సీసా, వానలో రోడ్డు, ఇవన్నీ ఆ కొన్ని మీటర్లలోనే.

2023 అక్టోబరు తర్వాత ఏం మారింది?

దాదాపు అన్నీ. అంతకుముందు ఇజ్రాయెల్‌లో పనికి సుమారు లక్షన్నర మంది పాలస్తీనా కూలీలకు పర్మిట్లుండేవి. ఇజ్రాయెల్ మీద హమాస్ చేసిన అక్టోబరు 7 దాడి తర్వాత వాటిలో అత్యధికం ఆగిపోయాయి. యాభై దాటిన ఆడవాళ్లు, యాభై ఐదు దాటిన మగవాళ్లు పర్మిట్ లేకుండా వెళ్లగలిగే వెసులుబాటు పోయింది. పొలం గేట్లు చాలావరకు మూతబడ్డాయి. ఊళ్ల మొదట్లో ఇనుప గేట్లు వెలిశాయి, 2025 జనవరి నుంచి ఇంకా పెరిగాయి. పెద్ద చెక్‌పోస్టు దగ్గర వందలమందిని లెక్కపెట్టే పని తగ్గింది. ఇప్పుడు తాళం వేసిన గేటు ముందు ఎవరూ లేకపోవడాన్ని రాయాల్సి వస్తోంది. వరుస లేదంటే బాధ లేదని కాదు. దాటలేమని తెలిసి బయల్దేరనివాళ్లు ఏ లెక్కలోకీ రారు.

దారి తెరిచి ఉందో లేదో జనం ఎలా తెలుసుకుంటారు?

టెలిగ్రామ్ గ్రూపుల్లో. నిమిషానికో మెసేజ్ వస్తుంది: "హువారా?" "సాలిక్." "కంటైనర్?" "అజ్మే." సాలిక్ అంటే దారి బాగుంది, అజ్మే అంటే జామ్, ముసక్కర్ అంటే మూసేశారు. 'సర్వీస్' అనే పసుపు షేర్ టాక్సీ డ్రైవర్లు ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఈ గ్రూపు చూస్తూ ఉంటారు. ఆ ప్రాంతానికి కొత్తగా వెళ్లిన వాలంటీరు ముందు నేర్చుకోవాల్సిన అరబ్బీ మాటలు ఈ మూడే.

చూస్తూ నిలబడితే ఏం లాభం? ఆక్రమణకు మంచి ముఖం తగిలించినట్టు కాదా?

ఈ ప్రశ్న మఖ్సోమ్ వాచ్ లోపలే మొదటినుంచీ ఉంది. ఒక రోగిని దాటించమని అధికారిని బతిమాలితే, దాటించే అధికారం అతనికి ఉందని ఒప్పుకున్నట్టే కదా అని కొందరంటారు. కప్పు వేయమని అడిగితే, చెక్‌పోస్టు శాశ్వతమవడానికి మనమే సాయపడ్డట్టు అవుతుందంటారు. ఆ మాటలో నిజముంది. కానీ వానలో నిలబడ్డ మనిషికి ఈరోజు కప్పు కావాలి. రెండూ నిజమే కాబట్టి పని చేసేవాళ్లు ఫోనూ వదలరు, "ఇది ఇక్కడ ఉండకూడదు" అని రిపోర్టు పైన రాయడమూ మానరు. రిపోర్టు లేకపోతే ఇరవై ఏళ్లుగా ఏం జరిగిందనేదానికి సైన్యం మాటే మిగులుతుంది.

మగవాళ్లు చేరవచ్చా?

మఖ్సోమ్ వాచ్‌లో సభ్యత్వం మహిళలకే. చర్చిల కార్యక్రమంలో ఇద్దరూ ఉంటారు.

తెలుగువాళ్లకు దీంతో సంబంధం ఏమైనా ఉందా?

రెండు చోట్ల సూటిగా ఉంది. పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆగిపోయాక ఇజ్రాయెల్ నిర్మాణ పనులకు భారత్ నుంచి మనుషుల్ని తీసుకోవడం మొదలుపెట్టింది. 2024లో తెలంగాణలో కూడా ఎంపికలు జరిగాయి. రాడ్లు వంచడం, సెంట్రింగు, టైల్స్, ప్లాస్టరింగు పనులకు. వెళ్లేవాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు, ఇంటి అప్పు ఎవరినైనా ఎక్కడికైనా పంపుతుంది. తాను నిలబడే పరంజా మీద నిన్నటిదాకా ఎవరు నిలబడ్డారో, వాళ్లు ఇప్పుడు ఎందుకు రాలేకపోతున్నారో తెలిసి వెళ్లడం మంచిది.

రెండోది యాత్ర. ఏటా ఎందరో తెలుగు క్రైస్తవులు బెత్లెహేము వెళ్తారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జెరూసలేం యాత్రకు ఆర్థిక సాయం కూడా ఇచ్చింది. టూరు బస్సుకు వేరే దారి, సైనికుడు ఎక్కినా పాస్‌పోర్టుల వంక ఓసారి చూసి దిగిపోతాడు, పది నిమిషాల్లో అయిపోతుంది. ఊరి జనం ఎలా దాటుతారో చూడాలంటే గైడుకు చెప్పి తిరుగు ప్రయాణంలో 300 చెక్‌పోస్టు దగ్గర దిగి నడిచి దాటండి. అవతల జెరూసలేం డమాస్కస్ గేటుకు 234 నంబరు బస్సు దొరుకుతుంది. పాస్‌పోర్టు, ఎయిర్‌పోర్టులో ఇచ్చిన చిన్న నీలం ప్రవేశ చీటీ దగ్గర ఉంచుకోండి. జనం ఎక్కే 231 నంబరు బస్సులో వస్తే, దారిలో తనిఖీ కోసం ఆగినప్పుడు పాలస్తీనా ప్రయాణికులు చెప్పకుండానే లేచి, కార్డులు చేత్తో పట్టుకుని దిగి బయట వరుస కడతారు. విదేశీయులను కూర్చునే ఉండనిస్తారు. బస్సు ఆగిన టైము, మళ్లీ కదిలిన టైము రాసుకోండి.